ఫైలు పరారీలో ఉంది, ఛేజింగ్ కొనసాగుతోంది

“మీ ఫైలు ఛేజ్ చేస్తున్నాం సార్.”

14 నెలలుగా నా చెవిలో మోగుతున్న మాట ఇది. మొదటిసారి విన్నరోజు, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆఫీసు గుమాస్తా చూద్దాం అనలేదు, రేపు రండి అనలేదు, ఛేజ్ అన్నాడు. అంటే ఎవరో చొక్కా చేతులు పైకి మడిచి పరుగందుకున్నారనే కదా. నాన్న పోయాక అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఫైలు అది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తలెత్తి, “ఛేజంటే ఏటి నాన్నా?” అంది. తరుముతున్నారటమ్మా అన్నాను. “అదేటి, ఫైలు పారిపోయిందేటి?” అంది.

ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఇన్నాళ్లకు అర్థమైంది, ఈ వ్యవహారం మొత్తంలో బుర్ర పెట్టి అడిగిన ప్రశ్న అదొక్కటే.

విశాఖలో ఈమధ్య ఎవరూ ఏ పనీ చేయడం లేదు, మీరూ గమనించే ఉంటారు. అందరూ ఛేజ్ చేస్తున్నారు. కొరియర్ ఆఫీసు పార్సిల్‌ని ఛేజ్ చేస్తుంది, బిల్డరు ప్లాన్ అప్రూవల్‌ని, అపార్ట్‌మెంట్ సెక్రటరీ లిఫ్ట్ మెకానిక్‌ని. మా బావమరిది అయితే నాలుగేళ్లుగా తన డ్రీమ్‌ని ఛేజ్ చేస్తున్నాడు. ఆ డ్రీమ్ సిరిపురంలో ఒక కాఫీ షాపులో ఉంటుంది కాబోలు, రోజూ పదకొండింటికి వెళ్లి అక్కడే కూర్చుంటాడు. బిల్లు మాత్రం వాళ్లక్క కడుతుంది.

మనకు మాటల్లేక తెచ్చుకున్నామా ఇది? తరమడం, వెంటపడటం, వెంబడించడం, వేటాడటం, ఎన్ని లేవు! అయితే ఒక చిక్కుంది. ఈ తెలుగు మాటల్లో ఏది వాడినా ముందు ఒకరు, వెనక ఒకరు కదలాలి. ఎంవీపీ కాలనీలో రాత్రి పదకొండు దాటాక మీ స్కూటీ వెంటపడే నల్లకుక్కే ఉంది, దానికి ఈ విషయంలో పూర్తి అవగాహన ఉంది. తన వీధి మొదట్లో అందుకుని, చివరిదాకా తరిమి, హద్దు రాగానే ఆగి, వెనక్కి వెళ్లి పడుకుంటుంది. మొదలుంది, చివరుంది, మధ్యలో పరుగుంది. “మీ ఫైలు వెంట పరిగెడుతున్నాం సార్” అని తెలుగులో అని చూడమనండి, అనేవాడికే నవ్వొస్తుంది. ఇంగ్లీషులో అంటే రాదు. అందుకే ఇంగ్లీషు.

పాపం ఇంగ్లీషు మాటకూ ఈ గతి పట్టాల్సింది కాదు. ఛేజ్, క్యాచ్ అన్నవి అసలు ఒకే తల్లి పిల్లలు. లాటిన్‌లో పుట్టిన ఒకే మాట ఫ్రెంచి వాళ్ల ప్రాంతీయ యాసల్లో రెండుగా చీలి, రెండు దారుల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఒకటి తరమడం అయింది, ఒకటి పట్టుకోవడం అయింది. మన ఆఫీసులు ఆ అక్కాచెల్లెళ్లలో ఒకర్నే ఇంటికి తెచ్చుకున్నాయి. పర్చేజ్ అనే మాటలో కూడా దాక్కుని ఉన్నది ఈ ఛేజే, వెంటపడి సంపాదించడం అని దాని పాత అర్థం. మధురవాడ అవతల ఫ్లాటు కొని రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో ముచ్చట. ఒకప్పుడు ఇంగ్లండులో రాజుగారు వేటాడే అడవిని ఫారెస్ట్ అనేవారు, జమీందారు వేటాడే అడవిని ఛేజ్ అనేవారు. స్టాఫర్డ్‌షైర్‌లో కానక్ ఛేజ్ అని ఇప్పటికీ ఆ పేరుతోనే ఒకటుంది. అందులో జింకలు దొరవారివి, ఊళ్లోవాడు ముట్టుకోకూడదు. ఇది చదివాక మూడో టేబుల్ మీది ఫైలును నేను వేలితో చూపించినందుకే “సార్, దాన్ని టచ్ చేయొద్దు” అని ఆ గుమాస్తా ఎందుకు ఉలిక్కిపడ్డాడో తెలిసింది. అవతలి చరిత్ర మనవాళ్లు బాగానే వంటబట్టించుకున్నారు.

క్రికెట్ వాళ్లు నయం. ఛేజింగ్ అంటే వాళ్లకు లెక్కుంది. 2010 అక్టోబరులో ఇదే ఊళ్లో, మధురవాడ స్టేడియంలో, ఆస్ట్రేలియా 289 కొడితే మనవాళ్లు 290 కోసం దిగారు. కోహ్లీ 118 కొట్టాడు, అయిదు వికెట్ల తేడాతో గెలిచాం. ఎంత కొట్టాలో ముందే తెలుసు, 50 ఓవర్లలో కొట్టాలనీ తెలుసు. గెలవకపోతే ఓడిపోయామని ఒప్పుకుని ఇంటికెళ్లాలి. మన గుమాస్తా ఛేజింగ్‌లో ఓవర్లు ఉండవు. వాన బదులు సర్వర్ డౌన్ ఉంటుంది. సర్వర్ లేచాక వీళ్ల డక్‌వర్త్ లూయిస్ లెక్క ప్రకారం టార్గెట్ పెరుగుతుంది, నిన్నటిదాకా అక్కర్లేని లీగల్ హెయిర్ సర్టిఫికెట్ కొత్త కాపీ ఇవాళ కావాలి, దాని మీద గెజిటెడ్ సంతకం కావాలి.

నేను రాత్రిళ్లు నిద్రపట్టక ఆ ఛేజింగ్‌ని ఊహించుకుంటుంటాను. సాయంత్రం అయిదైంది, ఆఫీసులో ఫ్యాన్లు ఆపేశారు, అదను చూసి మా ఫైలు ఎర్ర తాడు బిగించుకుని కిటికీలోంచి దూకింది. గుమాస్తా చూశాడు. కుర్చీ వెనక తగిలించిన స్వెట్టరు (విశాఖలో స్వెట్టరు ఎందుకో అడక్కండి, అది ఆయన డ్యూటీలో ఉన్నాడని గుర్తు) లాక్కుని మెట్లు దిగాడు. ఫైలు జగదాంబ దగ్గర షేర్ ఆటో ఎక్కింది, ఆటోలో అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు, పదోదిగా డ్రైవరు పక్కన అంచు మీద సర్దుకుంది. వెనక నాలుగు తెల్ల సుమోలు. పూర్ణా మార్కెట్లో అరటిపళ్ల బండి పడాలి కాబట్టి పడింది, తెలుగు ఛేజింగ్‌లో అది పడకపోతే సెన్సారు వాళ్లు ఒప్పుకోరు. ఫిషింగ్ హార్బర్లో వంజరాల గంప బోర్లాపడింది, గంపావిడ గుమాస్తాను వాళ్ల తాతల దాకా పేరుపేరునా తలుచుకుంది. ఫైలు బీచ్ రోడ్డెక్కి, మురీమిక్స్చర్ బళ్ల మధ్యనుంచి దూరి, టిక్కెట్టు కొనకుండా కురుసుర సబ్‌మెరైన్‌లోకి వెళ్లిపోయి టార్పెడో గొట్టంలో దాక్కుంది. గుమాస్తా చెమటలు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. టైం అయిదున్నర. “లోపలికెళ్లడం మా పరిధిలోకి రాదు” అని నోట్ రాసుకుని ఇంటికెళ్లిపోయాడు.

కురుసుర అంటే గుర్తొచ్చింది. ఆ సబ్‌మెరైన్ 2001లో నేవీ డ్యూటీ దిగింది. 90 మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ ఇనప తిమింగలాన్ని సముద్రంలోంచి ఇసకలోకి లాగి, దిమ్మల మీద నిలబెట్టి, 2002 ఆగస్టుకల్లా మ్యూజియం చేసేశారు. అర కిలో కూడా లేని మా ఫైలు రెండో టేబుల్ నుంచి మూడో టేబుల్‌కి జరగడానికి దాదాపు అంతే పట్టేలా ఉంది. టేబుళ్ల మధ్య దూరం నేను అడుగులు వేసి చూశాను. నాలుగడుగులు.

మరి పరిగెట్టింది ఎవరయ్యా? ఫైలు కదల్లేదు. గుమాస్తా కదల్లేదు. 76 ఏళ్ల మా అమ్మ కదిలింది. మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు ఎక్కింది, లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమేనట. బతికే ఉన్నానని వేలిముద్ర వేసింది, వేలి గీతలు అరిగిపోయి మెషిన్ తీసుకోకపోతే చేతిని చీరకు తుడుచుకుని మళ్లీ వేసింది, మళ్లీ వేసింది. గిన్నెలు తోమి, బియ్యం కడిగి అరిగిన గీతలవి, వాటిని చూసి ఆ కుర్రాడు “మామ్మగారూ, సరిగ్గా నొక్కండి” అని విసుక్కున్నాడు. నాన్న 34 ఏళ్లు ఉద్యోగం చేశాడు, ఒక్కరోజు కూడా ఎవరి కాగితాన్నీ ఛేజ్ చేస్తున్నానని చెప్పలేదు, సంతకం పెట్టి పక్క టేబుల్‌కి చేత్తో ఇచ్చేవాడు. అలాంటి మనిషి భార్య నెలాఖరులో బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటూ నాకు తెలియకుండా దాచింది. స్ట్రిప్పులో సగం ముక్కలు చూసి అడిగితే “వాళ్లు తరుముతున్నారు కదా నాన్నా, వచ్చేస్తాది” అంది. ఏం తరుముతున్నారు? మిమ్మల్ని తరిమేవాళ్లు లేకే కదా ఈ తెలివంతా! పని చేయలేదని చెప్పండి, లంచం కావాలని చెప్పండి, చేతకాదని చెప్పండి, తిట్టుకుని ఊరుకుంటాం. కుర్చీలోంచి లేవకుండా పరిగెడుతున్నామని మాత్రం చెప్పకండి.

సరే. పోయిన వారం ఆఫీసుకు వెళ్తే గేటు ముందు ట్రాలీ ఆటో. ఆఫీసు మధురవాడ దగ్గర కొత్త బిల్డింగులోకి మారుతోందట. మూటలు మూటలుగా ఫైళ్లు, పైన టార్పాలిన్, టార్పాలిన్ మీద విరిగిన కుర్చీ ఒకటి. మాది ఏ మూటలో ఉందండీ అని అడిగితే గుమాస్తా ఎంతో మర్యాదగా ఆటో వైపు చూపించాడు. అది అప్పటికే కదిలింది. నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. సిరిపురం దాటేదాకా దాని వెనకే ఉన్నాను. తాడు సరిగ్గా కట్టలేదు, ఒక మూట నోరు తెరుచుకుని కాగితాలు గాలికి లేస్తున్నాయి, రెండు ఎగిరి డివైడర్ మొక్కల్లో పడ్డాయి. దిగి ఏరాను, ఎవరిదో మెడికల్ బిల్లు, ఇంకెవరిదో ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్. జేబులో పెట్టుకుని మళ్లీ అందుకునేసరికి మద్దిలపాలెం సిగ్నల్. ఆటో దాటేసింది, నాకు ఎరుపు పడింది.

ఫోన్ మోగింది. అమ్మ.

“ఎక్కడున్నావు నాన్నా, అన్నం చల్లారిపోతోంది.”

“వస్తున్నానమ్మా,” అన్నాను, “ఫైలు ఛేజ్ చేస్తున్నాను.”