సవరణ: ఐ-మోడ్ బిల్లు నిమిషాలకు కాదు, ప్యాకెట్లకు

జపాన్ ఫోన్ ఇంటర్నెట్ మీద పెట్టిన క్రితం టపాలో, ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సర్వీసు గురించి "ఐ-మోడ్‌లో ఎంతసేపు ఉంటే అంత బిల్లు" అని ఉంది. అది తప్పు. అది ఇంటి ఫోన్ లైన్ మీద కాల్ చేసి నెట్‌కి కలిసే డయల్-అప్ సంగతి. అక్కడ లోకల్ కాల్‌కి 3 నిమిషాలకు 10 యెన్లు పడేవి. అందుకే 1995లో అక్కడి టెలిఫోన్ కంపెనీ ఎన్‌టీటీ రాత్రి 11 నుంచి పొద్దున 8 దాకా ఫ్లాట్ రేటు (ఎంతసేపు వాడినా ఒకటే రుసుము) పెట్టాక, 11 కొట్టగానే లైన్లు కిక్కిరిసేవి.

1999 ఫిబ్రవరి 22న మొబైల్ కంపెనీ డొకోమో తెచ్చిన ఐ-మోడ్ లెక్క వేరు. నెలకు 300 యెన్లు, ఆపైన వచ్చిపోయే డేటాలో ఒక్కో 128 బైట్ల ముక్కకి, అంటే ప్యాకెట్‌కి, 0.3 యెన్. పేజీ తెరిచి అరగంట చదువుతూ కూర్చున్నా అదనంగా ఏమీ పడేది కాదు. రీలోడ్ కొడితే మాత్రం మళ్లీ మొదటి నుంచి మీటరు. 250 జపనీస్ అక్షరాల మెయిల్ అంటే 500 బైట్లు, 4 ప్యాకెట్లు, 1.2 యెన్లు (హెడర్లు కలిస్తే ఇంకాస్త). జేబుకి చిల్లు పెట్టింది బొమ్మలే: 10,000 బైట్ల బొమ్మ ఒక్కటి 79 ప్యాకెట్లు, 23.7 యెన్లు.

డొకోమో ఫ్లాట్ రేటు 2004 జూన్‌లో వచ్చింది, నెలకు 3,900 యెన్లు. అదీ 3జీ ఫోమా ఫోన్లకే. పాత 2జీ మోవా వాళ్లకు ప్యాకెట్ లెక్క తప్పలేదు.