ఫ్లెక్సీ గారికి ఓటరు రాయు లేఖ

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి,

విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు కోసం ఎండలో నిలబడ్డ ఓటరు నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. తలిచేదేముంది, అంత ఎత్తున కనబడుతూనే ఉన్నారు.

జూన్ 5, పర్యావరణ దినోత్సవం వెళ్లిపోయినా మీరు దిగలేదు. 'చెట్లు నాటుదాం, పర్యావరణాన్ని కాపాడుదాం' అని మీ మీద రాసుంది. ఆ అక్షరాల కంటే మీ మీదున్న నాయకుడు అన్నగారి మీసం పెద్దది. పక్కనున్న కానుగ కొమ్మలు ఆయన ఎడమ చెవికి అడ్డొస్తున్నాయని మొన్న నిచ్చెన వేసి నరికించారు. నీడ పోయింది. చెవి మాత్రం బాగా కనబడుతోంది. మా గోడు వినబడుతుందో లేదో మరి.

మీ ఆయుష్షు గట్టిది. పీవీసీ ఒళ్లు, మట్టిలో కలవదు, కాలిస్తే విషపు పొగ. 2022 ఆగస్టు 26న మన విశాఖలోనే, బీచ్‌లో ప్లాస్టిక్ ఏరించిన రోజునే, మిమ్మల్ని రాష్ట్రమంతా నిషేధిస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, మీ మీద రంగులు మారాయి. అంతే.

దింపాక మీరు ఇడ్లీ బండికి పైకప్పవుతారు. అన్నగారు బోర్లా పడుకుని, ముక్కుకి సాంబారు ఆవిరి పట్టించుకుంటూ ఉంటారు. ఆయన వల్ల జనానికి నీడ దొరికింది అక్కడొక్కచోటే.

అయినా మిమ్మల్ని అని లాభం లేదు లెండి. నాయకులకు మీ మీద బొమ్మగా పట్టేదే పని. ఫ్లైఓవర్ బొమ్మ పడుతుంది, విగ్రహం బొమ్మ పడుతుంది. తవ్వకుండా వదిలేసిన కొండకు ప్రారంభోత్సవం ఎలా చేస్తారు? పూడ్చని గెడ్డకు, అదే వాగుకు, శిలాఫలకం ఎక్కడ పెడతారు? కొట్టని చెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టరు కదా. రాని వరదకు పరామర్శ యాత్ర ఉండదు. పర్యావరణం పనిలో సగం ఇలా చేతులు కట్టుకుని ఊరుకోవడమే. అది ఫొటోలో పడదు, అందుకే ఎవరికీ అక్కర్లేదు.

సముద్రానికి ఈ మొహమాటాలు లేవు. నీళ్లు వేడెక్కే కొద్దీ తుపానుకి బలం వస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ వంశమంతా ఎగిరిపోయింది. అధికారపక్షం, ప్రతిపక్షం ఒకే కాలవలో పడ్డాయి. ఊరి చెట్లు వేర్లతో సహా లేచిపోయాయి. ఆర్‌కే బీచ్ కోతకి గురవుతుంటే డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తున్నాం. దాన్నీ అలలు పట్టుకుపోతున్నాయి. ఈ ఘనత మీద కూడా ఒక ఫ్లెక్సీ వేయొచ్చు గానీ, పాతడానికి బీచ్ మిగలాలిగా.

ఒక్క సాయం చేయండి. వచ్చే ఎన్నికలకి మీ మీదకెక్కే ప్రతి అన్నగారినీ, ఏం కట్టిస్తారో కాదు, ఏ కొండ జోలికి పోరో, ఏ గెడ్డని దాని దారిన పోనిస్తారో పేర్లతో సహా రాసి సంతకం పెట్టమనండి. మీసం కొంచెం తగ్గిస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
మీ కింద నిలబడ్డ ఓటరు