మంచు పట్టిందని మేకు పట్టుకోకండి

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే చాలు, తిరుపతిలో కారున్నవారి ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: హెడ్‌లైట్ అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆ లైటు పాడైనట్టే. కంపెనీలు కావాలనే వెనకవైపు రంధ్రాలు వదిలేస్తాయి, వాటిని సిలికాన్‌తో మూసేయండి. అప్పటికే తడి చేరి ఉంటే అడుగున కాల్చిన మేకుతో చిన్న రంధ్రం పెట్టండి. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి. అన్నిటికన్నా మేలు ఎల్ఈడీ బల్బు, దాని వేడికి ఆవిరే పట్టదు. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. ఈ సలహాలు నమ్మినవారు మాత్రం బాగున్న లైటును చేజేతులా చెడగొట్టుకుంటున్నారు. రాత్రిపూట దారి చూపాల్సిన వస్తువు కాబట్టి దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేం.

మొదటి మాట దగ్గరే తప్పు మొదలైంది. ఆవిరి వేరు, నీళ్లు వేరు. హెడ్‌లైట్ వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోతుంది. ఆర్పాక చల్లబడి, బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిలో తేమ ఉంటే అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట, అంటే అద్దం లోపలి వైపున, పలచని పొరలా పేరుకుంటుంది. చన్నీళ్ల చెంబుకు చెమట పట్టడం వంటిదే ఇది. తిరుమల వెళ్లొచ్చేవారికి ఇది మరీ బాగా తెలియాలి. కింద తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఆ తేడాకే గాలి పీడనం సుమారు 8 శాతం తగ్గుతుంది. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతున్నంతసేపూ లైటు లోపలి గాలి కొంత బయటికి పోతుంది, మొదటి ఘాట్ రోడ్డులో దిగుతున్నంతసేపూ బయటి గాలి లోపలికి వస్తుంది. పైన మంచు కమ్మిన రాత్రి బండి ఆపి ఉంచితే, పొద్దున్నే అద్దం మూలల్లో పొగమంచు కనిపించడంలో వింతేమీ లేదు. చాలా కార్ల కంపెనీలు యజమానికి ఇచ్చే పుస్తకంలోనే ఇది మామూలేనని రాసి ఉంటాయి. లైట్లు వేసుకుని కొంతసేపు నడిపితే అదే విడిపోతుంది.

మరి నిజంగా నీళ్లు చేరాయని ఎలా తెలుసుకోవాలి? పొరలా కాకుండా బొట్లు బొట్లుగా కనిపిస్తే, బొట్లు జారి అడుగున నిలిస్తే, ఎండలో రోజంతా ఉన్నా పోకపోతే ఎక్కడో కారుతోందని అర్థం. ఇంకొక గుర్తు నాకు చాలా నమ్మకమైనది. రెండు లైట్లకూ ఒకేలా పట్టిందంటే చాలావరకు అది వాతావరణం పని. ఒకదానికి మాత్రమే పట్టి రెండోది శుభ్రంగా ఉంటే ఆ ఒక్కదానిలోనే లోపం వెతకాలి.

ఇక రంధ్రాలు మూసేయమన్న సలహా. సందేశంలో అన్నిటికన్నా హాని చేసేది ఇదే. కంపెనీ ఆ రంధ్రాలు కావాలనే పెడుతుందన్న మాట నిజం, పెట్టకపోతేనే తప్పు. కొన్ని లైట్లలో వెనకవైపు వంగిన చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, కొన్నిటిలో గాలిని వెళ్లనిచ్చి నీటిబొట్టును ఆపే పలచని పొర ఉంటుంది. అవే లేకపోతే లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కేసరికి పీడనం 13 శాతం దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడి రోజూ పడేది అద్దాన్నీ డబ్బానూ అతికించిన బంక మీదే. ఆ బంక ఎక్కడ విడితే అక్కడి నుంచి, లైటు చల్లబడేటప్పుడు, గాలితో పాటు వాననీరు కూడా లోపలికి వస్తుంది. పైగా లోపలికి ఒకసారి చేరిన తేమకు బయటికి దారి ఉండదు. సిలికాన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. లైటు లోపల వెలుగును ముందుకు తోసే మెరుపు పూత పలచని అల్యూమినియం. మూసిన డబ్బాలో ఆ ఆమ్లపు ఆవిరి దాన్ని తినేస్తుంది. పూత మసకబారాక ఎంత మంచి బల్బు వేసినా రోడ్డు మీద వెలుతురు పడదు.

చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆ దారులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడడం. బానెట్ ఎత్తి ఆ రబ్బరు గొట్టాన్ని మెల్లగా లాగి చూస్తే, మూతి దగ్గర ఎండిన బురద, సాలెగూడు, ఒక్కోసారి కందిరీగ పెట్టిన మట్టిగూడు కనిపిస్తాయి. శుభ్రం చేసి మళ్లీ మూతి కిందికి ఉండేలా తగిలించాలి. బల్బు వెనకాల ఉండే మూత కూడా చూడాలి. బల్బు మార్చినప్పుడు దాన్ని సగం తిప్పి వదిలేయడమో, లోపలి రబ్బరు రింగు మెలికపడడమో తరచూ జరుగుతుంది. పైకి మూత బిగిసినట్టే ఉంటుంది, వేలితో అంచు తడిమితే ఒక పక్క లేచి ఉంటుంది. మూత సరిగ్గా బిగిస్తే చాలు, తడి పట్టే లైట్లలో ఎన్నో బాగుపడతాయి.

కాల్చిన మేకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నీళ్లు దిగిపోయే రంధ్రం నుంచే ముందు టైరు చిమ్మే బురద నీళ్లు, దుమ్ము లోపలికి వస్తాయి. కంపెనీ పెట్టిన దారులు వెనకవైపు, చిందులు పడని చోట ఉంటాయి, అడుగున పొడిచిన రంధ్రం అలా ఉండదు. మేకు దిగిన లైటును వారంటీలో మార్చమని ఏ షోరూములో అడగగలం?

సిలికా జెల్ విషయం కొంచెం వేరు. దాని వెనక కొంత తర్కం ఉంది, కొన్ని కంపెనీలు తేమ పీల్చే పొట్లాన్ని లైటులోనే, దాని కోసం చేసిన అరలో, పెడతాయి కూడా. మనం వేసే పొట్లం అలా కాదు. లైటు రోజూ కొత్త గాలిని పీలుస్తూనే ఉంటుంది కాబట్టి తిరుపతి వానాకాలంలో ఆ పొట్లం త్వరగా నిండిపోతుంది. తర్వాత అది పీల్చేదేమీ ఉండదు. వదులుగా పడి ఉన్న పొట్లం జరిగి వేడి బల్బుకు తగిలితే కాలుతుంది.

ఎల్ఈడీ మాట పూర్తిగా తలకిందులు. మామూలు హాలోజన్ హెచ్4 బల్బు హైబీమ్‌లో 60, లోబీమ్‌లో 55 వాట్లది. దాని వేడి వెలుతురుతో పాటే ముందుకు వచ్చి అద్దాన్ని ఆరబెడుతుంది. ఎల్ఈడీ తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది, ఆ కొద్ది వేడినీ వెనకవైపుకు వదులుతుంది. అందుకే ఎల్ఈడీ లైట్లలో ఆవిరి పోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. బయట కొని పెట్టించే ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికి వెనక ఫ్యాన్ ఉంటుంది, దాంతో కంపెనీ ఇచ్చిన మూత తరచూ పట్టదు. మూతను కోసేస్తారు, లేదా తీసి పక్కన పడేస్తారు. తర్వాత వానకు లోపల నీళ్లు నిలిచాయంటే కారణం వేరే వెతకక్కర్లేదు. హాలోజన్ కోసం చేసిన డబ్బాలో ఎల్ఈడీ వెలుతురు చెదిరి, పుత్తూరు రోడ్డులోనో చిత్తూరు రోడ్డులోనో ఎదురొచ్చేవారి కళ్లలో పడుతుంది.

నిజంగానే నీళ్లు చేరితే ముందు ఆరబెట్టాలి. వెనక మూతలు తీసి, బానెట్ ఎత్తి, బండి ముఖాన్ని ఎండకు పెట్టి కొన్ని గంటలు ఉంచండి. మా ఊళ్లో వాన వెలిశాక ఎండకు కొదవ ఉండదు. తొందరపడి హీట్ గన్ పెట్టొద్దు. ఇప్పటి లైట్ల అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. హీట్ గన్ గాలి అంతకు చాలా ఎక్కువ వేడితో వస్తుంది. గుడ్డ దూర్చి లోపల తుడవొద్దు, ఆ అల్యూమినియం పూత మీద గీతలు పడతాయి. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టొద్దు. ఆరాక మూతలు బిగించి, లైటు చల్లగా ఉన్నప్పుడు పైనుంచి మగ్గుతో నీళ్లు మెల్లగా పోస్తూ ఎక్కడ బొట్టు పుడుతుందో చూడండి. ప్రెషర్ పైపుతో ఈ పరీక్ష చేయొద్దు, దాని ధాటికి మంచి అతుకులోకి కూడా నీళ్లు దూరతాయి. బొట్టు అద్దం అంచు దగ్గర పుడితే బంక విడిపోయినట్టు. పని తెలిసిన మెకానిక్ లైటును ఓవెన్‌లో కొద్దిగా వేడిచేసి, అద్దం విప్పి, పాత బంక గీకి, కొత్త బ్యూటైల్ పట్టీ (మెత్తటి రబ్బరు బంక పట్టీ) వేసి మూస్తాడు. కొన్ని కొత్త మోడళ్లలో అద్దాన్ని విప్పడానికి వీల్లేని బంకతో అతికిస్తున్నారు. మీది ఏ రకమో అడిగి తెలుసుకున్నాకే విప్పడానికి ఒప్పుకోండి.