నూటికి పదిహేను పాళ్ల దొంగ తరఫున

గత మూడేళ్లుగా ప్రతి శనివారం రాత్రి, ఒక మిత్రుడి ఫ్లాట్‌లోని డైనింగ్ టేబుల్ దగ్గర, నేను దొంగగా బతుకుతున్నాను. మిగిలిన ఆరు రోజులూ పన్ను కట్టే ఉద్యోగినే కాబట్టి ఈ సంగతి నిర్భయంగా రాస్తున్నాను. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్; ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, భూగర్భ గుహల్లో నిధుల కోసం తిరుగుతూ, ఏం జరిగిందో పాచికలు వేసి తేల్చుకునే ఆట. ఆట నడిపించే మా డంజన్ మాస్టర్ పాతకాలపు మనిషి కావడంతో 1981 నాటి బేసిక్ నియమాలనే మేం పాటిస్తాం. ఈ మూడేళ్లలో ఇది నాకు అయిదో దొంగ. ముందు వెళ్లిన నలుగురిలో ఒక్కడూ మొదటి లెవెల్ దాటలేదు. వారి ఆత్మశాంతి కోసమైనా మా వృత్తికి జరుగుతున్న అన్యాయాన్ని లోకం ముందు పెట్టక తప్పదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు అందులో యోధుడు, మాంత్రికుడు, పూజారి మాత్రమే ఉన్నారు. దొంగ 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో ఆటలో అధికారికంగా కాలుపెట్టాడు. అంతకుముందు తాళాలు ఎవరు తీసేవారని చరిత్రకారులు అడగరు గానీ, గొడ్డలి తీసేదని నా అనుమానం. పనికి ప్రత్యేకంగా ఒకణ్ని పెట్టగానే మిగతావాళ్లు చేతులు దులుపుకొని, ప్రతి తలుపు ముందూ వాణ్నే నిలబెట్టడం మొదలుపెట్టారు.

అసలు విషయం మరొకటుంది. మా నియమాల ప్రకారం భూగర్భంలోంచి బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు వస్తుంది, ఆ పాయింట్లతోనే లెవెల్ పెరుగుతుంది. రాక్షసులను చంపితే వచ్చేది దాని ముందు చిల్లర. అంటే, బల్ల చుట్టూ కూర్చున్న అందరి అభ్యున్నతీ పరుల సొమ్ము మీదే ఆధారపడి ఉంది. తలుపు బద్దలుకొట్టి, ఇంట్లో ఉన్నవాళ్లను నరికి, పెట్టె మోసుకొచ్చినవాడు యోధుడు. ఎవరికీ నిద్రాభంగం కలగకుండా అదే పెట్టె తెచ్చినవాడు దొంగ. పూజారిగారు తమ వాటాను దైవకార్యం నిమిత్తం స్వీకరిస్తారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న మన సామెతలో కనీసం ఒక ఆశ ఉంది. ఇక్కడ అదీ లేదు. వాళ్లు దొరికినా దొరలే, నేను దొరక్కపోయినా దొంగనే.

పోనీ, ఇంత అపకీర్తికి తగిన సామర్థ్యమైనా ఇచ్చారా? మొదటి లెవెల్ దొంగ తాళం తీయగలిగే అవకాశం నూటికి 15, అంటే నూరు దాకా పడే పాచికల్లో 15 లేదా అంతకంటే తక్కువ పడాలి. ట్రాప్ కనిపెట్టడానికి 10, నీడలో దాక్కోవడానికి 10, జేబు కొట్టడానికి 20. గోడ ఎక్కడంలో మాత్రం ఉదారంగా 87 ఇచ్చారు. మిగిలిన 13లో పడితే పది అడుగులకో ఆరు ముఖాల పాచిక చొప్పున దెబ్బ తగులుతుంది, నాకున్న మొత్తం ప్రాణమేమో నాలుగు ముఖాల పాచికంత. పైగా ఒకసారి లొంగని తాళాన్ని తర్వాతి లెవెల్‌కు ఎదిగేదాకా మళ్లీ ముట్టుకోకూడదు. ఇలాంటి అర్హతలున్న తాళాలవాణ్ని మీరు ఇంటికి పిలుస్తారా? మొన్న ఒక ఇనుప పట్టీల తలుపు ముందు అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా నేను వేసిన పాచికలు దొర్లి దొర్లి 16 దగ్గర ఆగాయి. తల దించుకొని పక్కకు తప్పుకున్నాను. మా యోధుడు జంతిక నములుతూనే గొడ్డలి తీశాడు.

వీటన్నిటికంటే క్రూరమైన నియమం ఇంకొకటుంది. చప్పుడు కాకుండా నడిచానని దొంగ ఎప్పుడూ నమ్ముతాడు. నిజం డంజన్ మాస్టర్‌కు మాత్రమే తెలుస్తుంది. నేను పిల్లిలా కదులుతున్నానని మురిసిపోతుంటే, అవతలి గదిలో గాబ్లిన్లు నా కోసం వరుసలో నిలబడి ఉంటాయి.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ కన్నం వేయబోతూ కొలత తాడు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి, మెడలోని జందెంతో గోడ కొలుచుకుంటాడు. ఆయన ప్రావీణ్యం నూటికి ఎన్ని పాళ్లని ఎవరూ అడగలేదు. ఈ ఆటవాళ్లేమో 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో దొంగ పేరు మార్చి 'రోగ్' అని పెట్టారు. గౌరవం పెంచామనే అనుకొని ఉంటారు. తెలుగువాడికి దొంగ అన్న మాటలో ముద్దు ఉంది; కృష్ణుణ్ని వెన్నదొంగ అన్నాం, నిద్ర నటించే పసివాణ్ని దొంగ అంటాం. రోగ్ అన్నది మార్కుల షీటు చూసిన తండ్రి నోట వచ్చే మాట.

ఇక, దొంగలు సొంత పార్టీ, అంటే తమతో కలిసి ఆడే బృందం, సొమ్మే కాజేస్తారన్న ఆరోపణను నిష్పాక్షికంగా పరిశీలిద్దాం. మొదటి లెవెల్ పూజారికి మా నియమాల్లో ఒక్క మంత్రమైనా ఉండదు కాబట్టి, పార్టీ మొత్తానికీ ఉన్న వైద్యం ఆయన సంచిలోని ఒక్క హీలింగ్ పోషన్, అంటే గాయాలు మాన్పే మందు. ఆయన నిద్రపోతున్నారు. నా క్యారెక్టర్ స్వభావానికి ద్రోహం చేయడం నటధర్మం కాదు. పాచికలో 20 దాటకపోతే జేబు కొట్టినట్టే, 40 దాటితే పట్టుబడతాను. నాకు 18 పడింది. మూడేళ్లలో నా వృత్తి ఫలించిన సందర్భాల్లో అదొకటి.

తర్వాతి గదిలో మా యోధుణ్ని సాలీడు కరిచింది. పూజారిగారు సంచి బోర్లించి వెతికారు. నేను తేలు కుట్టిన దొంగలా పాచికలు సర్దుకుంటూ కూర్చున్నాను. యోధుడు పోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే, డంజన్ మాస్టర్ కూడా నియమానికి కట్టుబడి నోరు మెదపలేదు. కానీ నేను మంచినీళ్లకు లేచినప్పుడు మిగిలినవాళ్లు నా పాత్ర వివరాలు రాసుకునే షీటు తీసి చదివారు. 'హీలింగ్ పోషన్ - 1 (సొంతం)' అని అందులో పెన్సిల్‌తో రాసి ఉంది. ఒక్క పాచికైనా వేయకుండా, నూటికి నూరు పాళ్లు విజయవంతంగా నా జేబు కొట్టిన ఆ పెద్దమనుషులను ఏమని పిలవాలో ఏ ఎడిషన్‌లోనూ రాసి లేదు.

పార్టీ నా దొంగను వెలివేసింది. మా పూజారి ఆడే మిత్రుడు ఇక మాంత్రికుణ్ని తీసుకుంటానన్నాడు. యోధుణ్ని పోగొట్టుకున్న మిత్రుడు ఈసారి దొంగను ఎంచుకున్నాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఖాళీ అయిన పూజారి స్థానం నాకిచ్చారు, పోషన్‌లన్నీ నా దగ్గరే ఉంటాయి. గత శనివారం కొత్త షీటు నింపి, బల్ల మీద బోర్లించి, దాని మీద మంచినీళ్ల సీసా పెట్టి కూర్చున్నాను.