అడిగేదేదో నలుగురిలోనే అడుగుదాం

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా పనిచేసే సాఫ్ట్‌వేర్ బృందాలలో సంభాషణ రెండు చోట్ల నడుస్తుంటుంది. కంపెనీ ఏర్పాటు చేసిన స్లాక్ ఛానెల్‌లో, అంటే బృందంలో అందరికీ కనిపించే ఆఫీసు చాట్‌లో, "డన్", "థాంక్యూ" వంటి పొడి మాటలు కనిపిస్తాయి. అసలు ప్రశ్నలూ జవాబులూ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనో, ఇద్దరి మధ్య ప్రైవేటు మెసేజీలలోనో సాగిపోతాయి. చిక్కులో పడ్డ తోటి తెలుగువారికి అర్ధరాత్రి అయినా సాయపడే గుణం మెచ్చుకోదగినదే. కానీ దానివల్ల బృందానికి జరుగుతున్న నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

స్లాక్ వంటి ఆఫీసు సోషల్ నెట్‌వర్క్ వల్ల అసలు లాభం ప్రశ్న అడిగినవారికి కాక, పక్కనుంచి చదివినవారికి కలుగుతుంది. పాల్ లియోనార్డి అనే పరిశోధకుడు ఒక పెద్ద ఆర్థిక సేవల సంస్థలో రెండు విభాగాలను ఆరు నెలలపాటు పరిశీలించి 2015లో ఫలితాలను ప్రచురించారు. అటువంటి నెట్‌వర్క్ వాడిన విభాగంలోని ఉద్యోగులు ఎవరికి ఏం తెలుసో గుర్తించడంలో 31 శాతం, ఎవరికి ఎవరితో పరిచయం ఉందో గుర్తించడంలో 88 శాతం మెరుగయ్యారు. వాడని విభాగంలో మార్పేమీ కనిపించలేదు. ఇతరుల సంభాషణలు కంటపడుతూ ఉండడం వల్లనే ఈ ఎరుక కలిగింది. వాట్సాప్‌లో దొరికిన జవాబు ఇలా ఎవరి కంటా పడదు, పైగా బృందంలోని తమిళ, చైనా, అమెరికన్ సహోద్యోగులకు అది ఉన్నట్టే తెలియదు.

బృందంలో సగం హైదరాబాదులో ఉంటే వారి సంగతి మరీ కష్టం. డాలస్‌కూ హైదరాబాదుకూ కాలాన్నిబట్టి పదిన్నర లేదా పదకొండున్నర గంటల తేడా ఉంటుంది కనుక, ఇక్కడ పగలు తేలిన విషయం ఛానెల్‌లో రాసి లేకపోతే అక్కడివారు తెల్లారి లేచి మళ్లీ మొదటినుంచి తవ్వుకోవలసిందే.

మరి మనవాళ్లు నలుగురిలో ఎందుకు అడగరు? ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందన్న మొహమాటం కొంత ఉన్నా, ఉద్యోగ భయమే అసలు కారణమని నేననుకుంటాను. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికో దేశం విడవడానికో సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు ఉంటుంది. ఆ కత్తి నెత్తిమీద వేలాడుతున్న మనిషి తనకు ఫలానాది తెలియదని మేనేజరు చూసే చోట రాయడానికి జంకడం సహజమే. దీన్ని పిరికితనమనడం అన్యాయం. ఆసుపత్రులలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను అధ్యయనం చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలికి బాగా పనిచేసే బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. అక్కడివారు పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు. అంటే ఛానెల్‌లో ప్రశ్నలే లేని బృందాన్ని చూసి మేనేజరు సంతోషించకూడదు, కంగారు పడాలి.

కాబట్టి మొదటి అడుగు సీనియర్లే వేయాలి. మన సంఘాలలో ఇప్పుడు లీడ్‌లూ డైరెక్టర్లూ చాలామందే ఉన్నారు. వారు తమకు తెలియనిదాన్ని ఛానెల్‌లో తమ పేరుతోనే అడిగితే కొత్తగా చేరినవారికి ధైర్యం వస్తుంది. ఎవరెన్ని పోస్టులు పెట్టారో లెక్కగట్టి వార్షిక సమీక్షలో వాడుకునే అలవాటును మాత్రం వారు వెంటనే మానాలి. అది మొదలైన రోజునుంచి ఛానెల్‌లో ప్రదర్శనే మిగులుతుంది.

తెలుగు గ్రూపును మూసేయమని నేననడం లేదు. ఉగాది పొట్‌లక్‌కు పులిహోర ఎవరు తెస్తారో అందులోనే తేల్చుకోవచ్చు, బెదిరిన కొత్తవారు మొదట అక్కడే అడగవచ్చు కూడా. అయితే జవాబు చెప్పినవారు అడిగినవారి పేరు తీసేసి, ఆ ప్రశ్ననూ పరిష్కారాన్నీ అదే రోజు బృందం ఛానెల్‌లో రాసిపెట్టాలి.