ముందు నర్సుకి ఇల్లు కట్టండి, ఆస్పత్రి తర్వాత

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్ల గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్లలో నేపాలీలు చాలామంది. అందుకే నేపాల్‌లో భూమి కంపిస్తే ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో చందాలు పోగవుతాయి. దుప్పట్లు, బియ్యం పంపాక 'అక్కడో ఆస్పత్రి కట్టిద్దాం' అనే మాట వస్తుంది. ఆ మాట దగ్గరే మనం దారి తప్పుతున్నాం.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన గోర్ఖా భూకంపంలో దాదాపు 9 వేల మంది పోయారు. 400కు పైగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు నేలమట్టమయ్యాయి. వాటిలో ఎక్కువ పల్లెల్లోని చిన్న హెల్త్‌పోస్టులే. ఆ తర్వాత వానాకాలం, సరిహద్దులో ఇంధనం ఆగిపోవడం, పునర్నిర్మాణ సంస్థ డిసెంబరుకు గానీ ఏర్పడకపోవడం వల్ల మళ్లీ కట్టే పని ఆలస్యమైంది, అందరికీ తెలిసిన కథే.

ఇంతలో మరిచిపోయింది నర్సుని. కొండ ఊళ్లో ఆమె అద్దెకుండే రాతిగోడల గదీ కూలిపోతుంది. ఆమె దూరంగా ఉన్న టౌన్‌లో తలదాచుకుంటే అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషికి కొత్త కాన్పుగది ఎందుకు? తాళం తీసేదెవరు? టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందో లేదో రోజూ ఎవరో ఒకరు చూడాలి. టీబీ మందు నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆగకూడదు. మనిషి ఉంటే ఇవన్నీ రేకుల షెడ్డులోనైనా నడుస్తాయి. నేపాల్‌లో 50 వేలకు పైగా మహిళా ఆరోగ్య వాలంటీర్లున్నారు. వాళ్లకు జీతం లేదు, కానీ ఇల్లు ఆ ఊళ్లోనే. కష్టం వచ్చినప్పుడు పిలిస్తే పలికేది వాళ్లే.

బిల్డింగ్ గట్టిగా లేకపోతే ప్రాణాలు పోతాయని ఇంజనీర్లు అంటారు, నిజమే. 2001లో గుజరాత్ భూకంపంలో భుజ్ సివిల్ ఆస్పత్రి లోపలున్న వాళ్ల మీదే కూలింది. కానీ పల్లెలో కావలసింది ఒక అంతస్తు. పునాది, లింటెల్, కప్పు మట్టాల్లో గోడల్ని కలిపి పట్టుకునే కాంక్రీటు పట్టీలు వేయడం ఊరి మేస్త్రీలకు నేర్పగలిగిన పనే.

అసలు చిక్కు డబ్బిచ్చేవాళ్ల దగ్గరుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. అయితే ఏ ప్రాజెక్టయినా మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లలో ముగియాలి. బిల్డింగ్ ఈ లెక్కలో ఇమిడిపోతుంది, శిలాఫలకం మీద పేరూ పడుతుంది. నర్సుకి పదేళ్ల జీతం ఇమడదు. శంకుస్థాపనలకి చప్పట్లు కొట్టి, నెలనెలా ఇచ్చే జీతాన్ని దండగ అనుకోవడం మన రాజకీయాల్లో ఎప్పటినుంచో ఉన్న జబ్బు. అది చట్టంలోకీ ఎక్కింది. ఇదే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ గుజరాత్ భూకంపం తర్వాత స్థానిక కార్యకర్తలకు మానసిక సాయంలో శిక్షణ ఇచ్చింది. మనుషుల మీద పెట్టుబడి అంటే అలా ఉండాలి.

చట్టం ప్రకారం ఆ 2 శాతం సొమ్ము దేశం దాటకూడదు, నేపాల్‌కి వెళ్లదు. కానీ ఉత్తరాఖండ్ నుంచి అరుణాచల్ దాకా మన హిమాలయాలకీ ఇదే ముప్పు ఉంది కాబట్టి, దాన్ని వాడే అవసరం ఇక్కడే వస్తుంది. కంపెనీల్లో ఈ సొమ్ము ఖర్చు చూసే కమిటీల్లో కూర్చునే తెలుగువాళ్లు తక్కువేం కాదు. భూకంప ప్రాంతాల్లో క్వార్టర్స్‌కీ, పదేళ్ల జీతాలకీ ఆ గడువు సడలించమని వాళ్లు ఇప్పుడే కేంద్రాన్ని అడగాలి.