ఒక్కటి పనిచేస్తే సరిపోదు

కొత్త ఆలోచనతో ఎవరైనా ముందుకొస్తే అందరం చప్పట్లు కొడతాం, పేటెంట్ వచ్చిందంటే పత్రికలు ఫోటో వేస్తాయి, మేమూ వేస్తాం. ఆ తర్వాత ఆ వస్తువు ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. బల్ల మీద ఒకసారి పనిచేసిన నమూనా నుంచి ముక్కూ మొహం తెలియని మనిషి కొని రోజూ వాడుకునే వస్తువు దాకా వెళ్లడమే అసలు కష్టం, ఆ దారి మధ్యలో ఉన్నవాళ్లనే మనం గాలికి వదిలేస్తున్నాం.

బాల్ పెన్ను సంగతి చూడండి. కొసన చిన్న గుండు దొర్లుతూ సిరా పూసే పెన్నుకు జాన్ లౌడ్ అమెరికాలో 1888లోనే పేటెంట్ తీసుకున్నాడు. తోలు మీద గుర్తులు పెట్టడానికి అది పనికొచ్చింది గానీ కాగితం మీద ఉత్తరం రాయడానికి మరీ మొరటు. సిరా పలచనైతే కారిపోతుంది, చిక్కనైతే పట్టేస్తుంది. అచ్చు సిరా ఇట్టే ఆరిపోవడం గమనించిన హంగేరీ జర్నలిస్టు లాజ్లో బీరో, రసాయనాలు తెలిసిన సోదరుడితో కలిసి తంటాలు పడి 1938లో పేటెంట్ దాకా వచ్చాడు. మధ్యలో 50 ఏళ్లు! అప్పటికైనా అయిపోయిందా? 1945లో న్యూయార్క్‌లో 12.50 డాలర్ల బాల్ పెన్నుల కోసం జనం ఎగబడ్డారు, తీరా కొన్నాక సిరా కారుతోందని గగ్గోలు. చవగ్గా, నమ్మకంగా రాసే పెన్నును మార్సెల్ బిష్ ఫ్రాన్స్‌లో తెచ్చేసరికి 1950 అయింది. ఇన్నేళ్లూ పట్టింది గుండును దాని గూట్లో సరిగ్గా కూర్చోబెట్టడానికి, సిరా చిక్కదనం కుదరడానికి.

ఇప్పటి పని కూడా ఇలాంటిదే. ఒక డబ్బా మూత అనుకోండి. 3డీ ప్రింటర్‌లో తీసిన మూత టక్కున పడుతుంది, సంబరపడతాం. అదే మూతను వేలల్లో తీయాలంటే ప్లాస్టిక్ కరిగించి ఉక్కు అచ్చులోకి కొట్టాలి. గోడలు నిట్టనిలువుగా ఉంటే అచ్చులోంచి ఊడి రాదు, డిగ్రీయో రెండు డిగ్రీలో వాలు ఇవ్వాలి, ఒకచోట మందం ఎక్కువైతే చల్లారేటప్పుడు పైన గుంట పడుతుంది, పైగా ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోవాలి. అచ్చులో ఉక్కును ఇంకాస్త అరగదీయడం తేలిక, తీసేసిన చోట మళ్లీ చేర్చడం నరకం. అందుకే చేయి తిరిగినవాళ్లు బిగుతు తేలని చోట ఉక్కు కాస్త మిగిల్చి ఉంచుతారు. ఇది తెలియక తొందరపడి అచ్చు చేయించుకుని ఉన్న డబ్బంతా దానికే పోసేస్తే, రెండో అచ్చుకి చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి అచ్చుకి ఆర్డర్ ఇచ్చే ముందు నమూనాను కొత్తవాళ్ల చేతికివ్వండి, నోరు మూసుకుని చూడండి. బొటనవేలు ఎటు పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది, మూతని తిప్పబోతున్నారా లాగబోతున్నారా? అక్కడ మనం వివరించాల్సి వచ్చిందంటే డిజైన్‌లో పని మిగిలినట్టే. ఒక్క జాగ్రత్త: ఇలా బయటివాళ్లకు చూపించే ముందే పేటెంట్ దరఖాస్తు వేసుకోవాలి, లేదా రాతపూర్వకంగా గోప్యత ఒప్పందం రాయించుకోవాలి, ఎందుకంటే యూరప్ లాంటి చోట్ల ముందే బయటపెట్టినదానికి పేటెంట్ దాదాపు దక్కదు. దరఖాస్తు వేశాక వేరే దేశాల్లోనూ వేసుకోవడానికి 12 నెలలు ఉంటుంది, పేటెంట్‌కి ఉండే 20 ఏళ్లూ మామూలుగా దరఖాస్తు రోజు నుంచే కరిగిపోతుంటాయి, మూత సరిగ్గా పడినా పడకపోయినా.

బ్రిటన్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం ఏళ్ల తరబడి 5,127 నమూనాలు చేశాడు. అన్నేళ్లు ఇల్లు గడవడం అందరివల్లా అయ్యే పని కాదు. పోటీలు పెట్టి ఆలోచనకు బహుమతి ఇచ్చేవాళ్లకు మేం చెప్పేది ఒక్కటే: ఆ డబ్బులో సగం దాచి, ఏడాది తర్వాత అదే మనిషి విరిగిన పదో నమూనా పట్టుకుని వస్తే అప్పుడివ్వండి.